మెకంజీల వంశావళి

తెలుగుదేశపు చరిత్రను పరిశోధించువారికి మెకంజీ అను పేరు చిరపరిచితము. మన గ్రామముల పూర్వవృత్తాంతములను తెలుపు స్థానిక చరిత్రలను మెకంజీ కైఫియతులని నేటికిని వ్యవహరించుచున్నాము. వానిని వ్రాయించి కూర్చిన కర్నల్ కాలిన్ మెకంజీని గూర్చి విన్నవారు పెక్కుమంది కలరు. కాని ఆ మెకంజీలు ఎవరు, వారు ఎచ్చటివారు, వారి పేరు నేడు ఎవరియందు నిలిచియున్నది అను విషయము మనలో అంతగా ప్రచారమున లేదు. మెకంజీ అనునది స్కాట్లండు ఉత్తరభాగమందలి కొండసీమలో కొన్ని శతాబ్దములపాటు భూములనేలిన ఒక క్లాను పేరు. ఆ క్లాను కథను పరిశీలించినచో, ఒక జనసముదాయమును కలిపియుంచునది రక్తమా, భూమియా, జ్ఞాపకమా అను ప్రశ్నకు కొంత సమాధానము లభించును.

క్లాను అను మాట గేలిక్ భాషలో సంతానమను అర్థము గల పదమునుండి వచ్చినది. ఈ అర్థమునుబట్టి క్లాను అనగా ఒక మూలపురుషుని సంతతి మాత్రమేయని తోచును. మన గోత్రముతోనో, ఇంటిపేరుతోనో దీనిని పోల్చవలెననియు అనిపించును. ఆ పోలిక కొంతదూరమే సాగును. గోత్రమునకు భూమి లేదు, నాయకుడు లేడు, సైన్యము లేదు. కొండసీమలోని క్లానుకు ఈ మూడును ఉండెడివి. నాయకుడును ఆయన దగ్గర బంధువులును మొదటి వలయము. పూర్వపు నాయకుల చిన్నకొడుకులనుండి వచ్చిన శాఖలవారు రెండవ వలయము. వీరు పెద్ద భూఖండములను కౌలునకు పుచ్చుకొని, క్రింది రైతులకు పంచి, యుద్ధకాలమున ఆ రైతులకే దళనాయకులుగా నుండెడివారు. ఆ భూములను దున్నుచు, పశువులను కాచుచు, నాయకుని రక్షణలో జీవించు సామాన్యులది మూడవ వలయము. ఈ మూడవ వలయమునందలి పలువురకు నాయకునితో రక్తసంబంధము లేదు. అయినను కాలక్రమమున వారును ఆయన పేరునే తమ పేరుగా గ్రహించిరి.

ఇక పేరు సంగతి. మాక్ అనగా కుమారుడు. మెకంజీ అనగా కెన్నెత్ కుమారుడని అర్థము. ఆంగ్లలిపిలో ఈ పేరు నడుమనున్న జెడ్ అక్షరము వెనుక ఒక విచిత్రమైన చరిత్ర కలదు. పూర్వపు స్కాట్లండు లేఖకులు యకారమునకు దగ్గరగా నున్న ధ్వనికి వేరొక అక్షరమును వాడెడివారు. ముద్రణ వచ్చిన పిమ్మట ఆ అక్షరమునకు అచ్చు దొరకనపుడు, రూపమున దానిని పోలిన జెడ్‌ను వాడిరి. తరువాతి తరములవారు వ్రాతను చూచి పలుకజొచ్చిరి. నేడు లోకమంతయు పలుకుచున్న మెకంజీ శబ్దము ఆ విధముగా ముద్రణాలయము ప్రసాదించినది.

మూలపురుషుని విషయమున రెండు కథనములు కలవు. మొదటిది రాజసభలకు తగిన కథ. కాలిన్ ఫిట్జెరాల్డ్ అను ఐర్లండు ప్రభువు 1263లో లార్గ్స్ యుద్ధమున స్కాట్లండు రాజు పక్షమున పోరాడెననియు, అందుకు ప్రతిఫలముగా 1266లో కిన్‌టెయిల్ సీమను పొందెననియు ఈ కథ చెప్పును. వేటలో ఒక దుప్పి బారినుండి రాజును రక్షించినందున దుప్పితల వీరి చిహ్నమయ్యెనని మరియొక గాథ. పదునేడవ శతాబ్దమున ఈ కుటుంబములోని పెద్దలే ఈ ఐర్లండు కథను గ్రంథస్థము చేసిరి. పందొమ్మిదవ శతాబ్దపు చరిత్రకారులు దీనిని పరిశీలించి త్రోసివేసిరి. రెండవది 1467 నాటి గేలిక్ వ్రాతప్రతిలోని వంశావళి. అది మెకంజీలను గిలియోయిన్ అను స్థానికుని సంతతిగా చెప్పుచున్నది. పొరుగున నున్న మాథెసన్ క్లానుకును ఆయనయే మూలపురుషుడు. కావున మెకంజీలు పైనుండి వచ్చినవారు కారు, ఆ నేలవారేయని చరిత్రకారుల అభిప్రాయము. పెద్దరికము కొరకు దూరదేశపు వీరుని పూర్వునిగా కల్పించుకొనుట ఏ ఒక్క దేశమునకో పరిమితమైన అలవాటు కాదు.

మెకంజీల అభ్యుదయము పదునైదవ శతాబ్దపు చివర ప్రారంభమయ్యెను. పశ్చిమ ద్వీపములను, రాస్ సీమను ఏలుచుండిన మాక్‌డొనాల్డ్ ప్రభువులు రాజుతో విరోధించి, 1476లో రాస్ సీమను, 1493లో ద్వీపాధిపత్యమును పోగొట్టుకొనిరి. రాజపక్షమున నిలిచిన మెకంజీలు వారు విడిచిన చోట వేళ్ళూనుకొనిరి. 1609లో వీరి నాయకుడు కిన్‌టెయిల్ ప్రభువయ్యెను. మరుసటి సంవత్సరము లూయిస్ ద్వీపముపై హక్కును కొనెను. ఆయన కుమారుడు 1623లో సీఫోర్త్ ఎర్లు బిరుదమును పొందెను. సముద్రపు పాయలు మూడు కలియుచోట నున్న ఐలిన్ డోనన్ కోట వీరి కావలిస్థానము. దానిని కాచినవారు మాక్రేలు. వారు మెకంజీల కవచమని ప్రసిద్ధికెక్కిరి. పేరు వేరైనను ప్రాణములొడ్డి నిలిచిన వారిని క్లాను వెలుపలివారని ఎవరనగలరు?

ఈ కాలముననే మెకంజీ క్లాను కత్తితోపాటు కలమును కూడ చేపట్టెను. సర్ జార్జి మెకంజీ అను న్యాయవాది ఎడింబరోలో న్యాయవాదుల గ్రంథాలయమును స్థాపించుటలో ప్రముఖుడు. అది 1689లో తెరువబడెను. 1925లో అదియే స్కాట్లండు జాతీయ గ్రంథాలయమునకు పునాదియయ్యెను. పైన చెప్పిన 1467 నాటి వ్రాతప్రతి నేడు భద్రముగా నున్నది ఆ గ్రంథాలయముననే. ప్రభుత్వ న్యాయవాదిగా మతభేదము గలవారిని కఠినముగా శిక్షింపజేసినందున ఆయనకు నెత్తుటి మెకంజీ అను అపకీర్తియు మిగిలినది.

తరువాత కష్టకాలము వచ్చెను. స్టువర్ట్ రాజవంశమును తిరిగి సింహాసనమెక్కింపవలెనని 1715లో లేచిన తిరుగుబాటున సీఫోర్త్ ఎర్లు చేరెను. తిరుగుబాటు విఫలమయ్యెను. ఆయన బిరుదమును భూములును జప్తు చేయబడెను. 1719లో స్పెయిను సైనికుల సహాయముతో మరల యత్నము జరిగెను. మే నెలలో ప్రభుత్వ నౌకలు ఐలిన్ డోనన్ కోటను ఫిరంగులతో కూల్చివేసెను. జూను 10వ తేదీన గ్లెన్ షీల్ లోయలో తిరుగుబాటుదారులు ఓడిపోయిరి. ఎర్లు విదేశమునకు వెడలిపోయెను.

ఆ ప్రవాసకాలమున జరిగిన ఒక సంగతి క్లాను స్వభావమును మిక్కిలి స్పష్టముగా తెలుపును. భూములు చట్టప్రకారము ప్రభుత్వమునకు చెందెను. శిస్తు ప్రభుత్వాధికారులకు చెల్లింపవలెను. కాని కిన్‌టెయిల్ రైతులు శిస్తును డొనాల్డ్ మర్చిసన్ అను ఎస్టేటు వ్యవహర్తకు చెల్లించుచుండిరి. ఆయన దానిని రహస్యముగా తమ నాయకునికి పంపుచుండెను. 1721లో వసూలునకు బయలుదేరిన ప్రభుత్వపు మనుష్యులను ఈతడు కొండదారిలో అటకాయించి మరల్చెను. 1726లో ఎర్లుకు క్షమాపణ లభించెను. ఇంత సేవచేసిన మర్చిసన్‌ను ఆయన తగినట్లు ఆదరింపలేదని ప్రజలలో వాడుక. 1863లో మర్చిసన్ వంశీయుడైన ప్రసిద్ధ భూగర్భశాస్త్రజ్ఞుడు సర్ రోడరిక్ మర్చిసన్ ఆయన స్మారకముగా ఒక స్తంభమును నిలిపెను. మర్చిసన్ మెకంజీ కాడు. అయినను క్లానును నిలిపినవారిలో ఆయన పేరు ముందు చెప్పదగినది.

1745లో తిరుగుబాటు మరల చెలరేగెను. ఈసారి సీఫోర్త్ శాఖ ప్రభుత్వపక్షమున నుండెను. కాని క్రోమార్టీ శాఖకు నాయకుడైన ఎర్లు జార్జి తిరుగుబాటున చేరి, 1746 ఏప్రిలు 15వ తేదీన, అనగా కులోడెన్ యుద్ధమునకు ముందునాడు, పట్టుబడెను. ఆయనకు మరణశిక్ష విధింపబడెను. భార్య రాజును వేడుకొనగా ప్రాణము దక్కెను. భూములు దక్కలేదు. కులోడెన్ తరువాత చేసిన చట్టములచే క్లాను నాయకుల న్యాయాధికారములు రద్దయ్యెను. కొండసీమవారు ఆయుధములు ధరించుట నిషిద్ధమయ్యెను. వారి గళ్ళ వస్త్రములపై విధించిన నిషేధము 1782 వరకు నుండెను. నాటితో రాజకీయశక్తిగా క్లాను అంతరించినదని చెప్పవచ్చును.

పోయిన భూమిని తిరిగి పొందు మార్గమొకటి మిగిలెను. అది రాజునకు సైన్యమును సమకూర్చి యిచ్చుట. ఇచ్చట మెకంజీల కథ మన దక్షిణదేశముతో ముడిపడుచున్నది. క్రోమార్టీ ఎర్లు కుమారుడు జాన్ మెకంజీ, మాక్లౌడ్ ప్రభువు, స్వీడను సైన్యమున చాలకాలము పనిచేసి తిరిగివచ్చి ఒక కొండసీమ పటాలమును సమకూర్చెను. ఆ పటాలము 1780 జనవరిలో మద్రాసున దిగి హైదరాలీతో యుద్ధములలో పాల్గొనెను. 1784లో ఆయన తండ్రి భూములు, కొంత సొమ్ము చెల్లించుకొని, ఆయనకు తిరిగి లభించెను. సీఫోర్త్ శాఖయు 1778లో ఒక పటాలమును ఎత్తెను. తమను ఈస్టిండియా కంపెనీకి అమ్మివేయుదురేమోయను వదంతిని విని, అందలి మాక్రే సైనికులు ఎడింబరోలో ఓడ యెక్క నిరాకరించి ప్రక్కనున్న కొండపై నిలిచిరి. తమను అమ్మబోరని హామీ పొంది దిగివచ్చిరి. మూడేండ్ల పిమ్మట వారిని హిందూదేశమునకే పంపిరి. దారిలో రెండు వందలకు పైగా స్కర్వీ వ్యాధిచే మరణించిరి. వారి నాయకుడును ఆ ప్రయాణములోనే కన్నుమూసెను. నాయకుని కొరకు తరతరములుగా కత్తిపట్టిన జనము అప్పటినుండి దూరదేశపు యుద్ధములకు ముడిసరకయ్యెను.

సీఫోర్త్ శాఖ చివరికథ విషాదకరము. ఫ్రాన్సిస్ మెకంజీ, సీఫోర్త్ ప్రభువు, బాల్యమున జబ్బుచేసి వినికిడిని కోల్పోయెను. ఆయన నలుగురు కుమారులును ఆయన కన్నులయెదుటనే గతించిరి. 1815 జనవరిలో ఆయనయు మరణించెను. చెవిటి నాయకునితో వంశము అంతరించునని బ్రాహన్ జోస్యుడు ఏనాడో చెప్పెనని జనులు చెప్పుకొనిరి. ఆ జోస్యములు పుస్తకరూపమున అచ్చయినది మాత్రము 1877లో. వారసురాలు పెద్దకుమార్తె మేరీ. ఆమె భర్త నౌకాసేనాధిపతి సర్ శామ్యూల్ హుడ్, తండ్రి మరణమునకు కొద్దిదినములముందే, 1814 డిసెంబరు 24వ తేదీన మద్రాసులో మరణించెను. ఇరువురిని కోల్పోయిన ఆమె స్వదేశమునకు చేరి అప్పులతో నిండిన ఎస్టేటును స్వీకరించెను. ఆమెను రెండవమారు పెండ్లియాడిన వ్యక్తి తన పేరునకు మెకంజీ పేరును చేర్చుకొనెను. 1844లో లూయిస్ ద్వీపము అమ్ముడుపోయెను.

భూములు చేతులు మారినపుడు అందరికంటె ఎక్కువగా నష్టపడినది మూడవ వలయమువారు. గొఱ్ఱెల పెంపకమువలన భూస్వాములకు ఎక్కువ రాబడి వచ్చుటచే, కొండసీమ యంతటను రైతులను తరతరముల ఇండ్లనుండి వెడలగొట్టిరి. వారు సముద్రతీరపు ఇసుకనేలలకో, కెనడాకో, ఆస్ట్రేలియాకో పోయిరి. నాయకుడు తమ తండ్రివంటివాడని నమ్మిన జనమునకు ఇది గొప్ప దెబ్బ. గేర్‌లాక్ ప్రాంతమున పుట్టిన అలెగ్జాండర్ మెకంజీ అను చరిత్రకారుడు 1879లో మెకంజీ క్లాను చరిత్రను ప్రకటించెను. 1883లో ఈ నిర్వాసనముల చరిత్రను ప్రకటించెను. ప్రభువుల వంశవృక్షమును వ్రాసిన చేయియే ఆ ప్రభువుల కాలమున రైతులు పడిన బాధలను గూడ వ్రాయుట గమనింపదగినది.

ఇప్పుడు కాలిన్ మెకంజీ కడకు వత్తము. ఆయన 1754 ప్రాంతమున లూయిస్ ద్వీపమందలి స్టోర్నోవే పట్టణమున జన్మించెను. ఆయన తండ్రి ఆ యూరి పోస్టుమాస్టరు. ఆయన అచ్చటి సుంకపు కచేరీలో ఉద్యోగము చేసి, 1783లో మద్రాసునకు వచ్చి కంపెనీ సైన్యమున చేరెను. సీఫోర్త్ ప్రభువు ప్రాపు ఆయనకుండెను. సర్వేయరుగా గుంటూరు సీమను, నైజాము రాజ్యమును, మైసూరును కొలిచెను. 1815లో హిందూదేశపు మొదటి సర్వేయరు జనరలుగా నియమింపబడెను. కొలతగొలుసుతో పోయినచోటనెల్ల ఆయన శాసనములను, తాటాకు గ్రంథములను, నాణెములను వెదకించెను. 1798లో అమరావతి శిథిలములను దర్శించి, 1816లో మరల పోయి అచ్చటి శిల్పములకు చిత్రములు వ్రాయించెను.

ఆయనకు దేశభాషలు రావు. ఆ లోటును తీర్చినవారు ఏలూరునకు చెందిన కావలి సోదరులు. వారిలో వెంకట బొఱ్ఱయ్య పరిచయమే తనకు హిందూ విజ్ఞానమునకు ద్వారము తెరచినదని మెకంజీ స్వయముగా వ్రాసియున్నాడు. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయసుననే మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య పనిని కొనసాగించెను. వీరును, వీరిక్రింది గుమాస్తాలును ఊరూర తిరిగి, కరణములయొద్ద దండకవిలెలు చూచి, వృద్ధులను అడిగి, దేవాలయములందలి శాసనములకు నకళ్ళెత్తి కైఫియతులను సిద్ధపరచిరి. మెకంజీ 1821 మే 8వ తేదీన కలకత్తా సమీపమున మరణించెను. 1828లో విల్సన్ పండితుడు ప్రకటించిన పట్టికనుబట్టి ఆ సేకరణలో 1568 గ్రంథములు, 2070 స్థానిక చరిత్రలు, 8076 శాసనములు, 6218 నాణెములు ఉండెను. ఆ పనిని తాను ముందునకు నడుపుదునని లక్ష్మయ్య కోరగా, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఆయన అందుకు తగినవాడు కాడని తిరస్కరించిరి. తరువాత శిథిలమగుచున్న కైఫియతులకు సి. పి. బ్రౌన్ నకళ్ళు వ్రాయించి కాపాడెను. కడపలో ఆయన పేరుతో నెలకొన్న భాషాపరిశోధన కేంద్రము కడప జిల్లా కైఫియతులను సంపుటములుగా అచ్చువేసినది. కాలిన్ మెకంజీ పుట్టిన స్టోర్నోవేలో 2017లో ఆయన సేకరణను గూర్చి ప్రదర్శన జరిగినది.

ఆ యూరినుండియే మరియొక మెకంజీ పడమటికి పోయెను. అలెగ్జాండర్ మెకంజీ 1789లో కెనడాలోని ఒక మహానది వెంట ఉత్తర సముద్రమును చేరెను. ఆ నదికి నేడు ఆయన పేరే. 1793లో ఆయన ఖండమును దాటి పసిఫిక్ తీరమున నిలిచెను. 1834లో టొరంటో నగరపు తొలి మేయరైన విలియం లయన్ మెకంజీ, 1873లో కెనడా రెండవ ప్రధానియైన తాపీపనివాడు అలెగ్జాండర్ మెకంజీ, స్టోర్నోవేలో పుట్టి స్కాట్లండు చరిత్రను సంపుటములుగా రచించిన ఆగ్నెస్ మ్యూర్ మెకంజీ ఈ పేరు గలవారే. రేడియో శ్రోతలకు ప్రియమైన మరియొక పేరు కాంప్టన్ మెకంజీ. ఆ నవలాకారుడు 1923లో గ్రామఫోను అను సంగీతపత్రికను స్థాపించెను.

ఇంతకును నేడు మెకంజీ అనగా ఎవరు? సీఫోర్త్ శాఖలో చివరి ప్రభువు 1923లో సంతు లేక గతించెను. 1979లో క్రోమార్టీ ఎర్లు క్లాను నాయకునిగా గుర్తింపు పొందెను. ఆ శాఖకు స్ట్రాత్‌పెఫర్ సమీపమందలి లౌడ్ కోట స్థానము. నాయకునికి గేలిక్ భాషలో దుప్పికొమ్ములు అను అర్థము గల బిరుదము కలదు. గమనింపుడు: ఆ ఎర్లుకు బిరుదము తల్లినుండి సంక్రమించినది. ఆయన తండ్రి బ్లంట్ కుటుంబములో జన్మించినవాడు. పురుషసంతతినిబట్టి లెక్కించినచో నాయకుడే మెకంజీ కాడు. పేరును నిలుపుకొన్నందున ఆయన మెకంజీ.

సామాన్యులు తమ పూర్వులను వెదకుటకు పత్రములే శరణ్యము. స్కాట్లండులో జనన మరణ వివాహములను ప్రభుత్వము నమోదు చేయుట 1855 జనవరి 1వ తేదీనుండి ప్రారంభమయ్యెను. అంతకుముందు చర్చి చిట్టాలే ఆధారము. కొండసీమలో అవి ఆలస్యముగా మొదలై మధ్య మధ్య లోపించియున్నవి. పైగా గేలిక్ జనులు ఒకరినొకరు రూరీ కొడుకైన డొనాల్డు కొడుకగు ఇయాన్ అని తాతతండ్రుల పేర్లతో పిలుచుకొనెడివారు. పెక్కుమందికి క్లాను పేరు స్థిరపడినది కౌలుచిట్టాలోనో, పటాలపు పట్టికలోనో గుమాస్తా వ్రాసినపుడే. వివాహిత స్త్రీల పుట్టింటి పేరును గూడ పత్రములలో వ్రాయుట ఆ దేశపు ఆచారమగుటచే వెదకువారికి కొంత మేలు కలుగుచున్నది. తండ్రినుండి కొడుకునకు సంక్రమించు జన్యులక్షణములను పరీక్షించు పద్ధతియు ఇటీవల వచ్చినది. ఒకే క్లాను పేరు గల పురుషులు పలు వేర్వేరు మూలములవారని ఆ పరీక్షలు వెల్లడించుచున్నవి. దీనితో పేరు అబద్ధమని తలచి నిరుత్సాహపడువారు కలరు. అట్లు తలచనక్కరలేదు. ఆ పేరును గ్రహించిన రైతు దానితోపాటు యుద్ధమును, జప్తును, వలసను గూడ పంచుకొనెను. ఆ పంచుకొనుటయే క్లాను.

కోట కూలెను, భూములు పోయెను, వంశము పలుమార్లు తెగెను. మెకంజీలను నేటికిని ఒకటిగా చూపుచున్నవి గ్రంథాలయములోని ఒక వ్రాతప్రతి, చర్చి చిట్టాలు, కౌలుపట్టికలు. మన కైఫియతులును అట్టివే. వానిలోను ఫిట్జెరాల్డ్ కథవంటి కల్పనలు కలవు. వానిని శాసనములతో సరిచూచి చదువవలెను. కాని ముందు అవి నిలిచియుండవలెను. ఏ కుటుంబమైనను పూర్వులను తెలిసికొనగోరినచో, ఇంటిలోని వృద్ధులు చెప్పునది పేర్లతో, ఊళ్ళతో, సంవత్సరములతో ఒక కాగితముపై వ్రాసికొనుట మొదటి పని. ఆ వృద్ధులు ఉండగనే ఆ పని జరుగవలెను.